నోమ్సా అవ్వ, నీలి సీతాకోకలు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో. ఆఫ్రికాలో, నడుమెత్తు గడ్డి పెరిగే చోట, నోమ్సా అని ఒక అవ్వ ఉండేది. ఇళ్ల కప్పులకు గడ్డి కోసి బతికేది. ఒక్క ఆవూ లేదు. ఆవు లేనివాళ్ల మాట ఆ ఊళ్లో ఎవరు వింటారు?

అక్కడ వానలకు ముందు ఎండుగడ్డి తగలబెడతారు. వెంటనే వాన పడిందా, లేతగడ్డి మొలుస్తుంది, మందలు బతుకుతాయి. పడలేదా, ఎండుదీ లేదు, పచ్చిదీ లేదు.

ఆ ఏడు మబ్బు పట్టింది. ఊరిపెద్ద జబూలా తూర్పు కొండవాలు మీది గడ్డి అంటించమన్నాడు. ఇంకా కాదయ్యా అంది అవ్వ. రోజంతా నేలకు వంగి పని చేసే మనిషి కదా, ఆమెకు తెలుసు. చీమల పుట్టల్లో గోరంత నీలి సీతాకోకలు దాగుంటాయి, వాన నిజంగా దగ్గరపడితేనే బయటికొస్తాయి. చీమల్ని అడిగి ఊరు నడపాలా అని అందరూ పగలబడి నవ్వారు. అంటించారు. మబ్బు తేలిపోయింది.

మళ్లీ మబ్బు పట్టింది. ఈసారి పడమటి వాలు. ఇంకా కాదయ్యా అంది అవ్వ. మళ్లీ నవ్వారు, కాకపోతే కొంచెం తక్కువగా. అదీ బూడిదైంది. చినుకు రాలలేదు.

ఇక మిగిలింది దక్షిణపు వాలు ఒక్కటే. అదీ పోతే ఊరి మందంతా చచ్చినట్టే. మూడోసారి మబ్బు పట్టింది. ఈసారి పడి తీరుతుందని జబూలాకి పంతం. కాగడా పట్టుకుని తనే బయల్దేరాడు. తీరా చూస్తే ఏముంది, గడ్డి మధ్యలో అవ్వ చతికిలబడి కూర్చుంది.

"లే, అవ్వా."

"ఆ సీతాకోకలు లేచేదాకా నేను లేవను. ముందు నన్ను అంటించు."

జబూలా ఆమె కోసిన గడ్డి కప్పు కిందే పుట్టినవాడాయె. కాగడా మట్టిలో గుచ్చేశాడు.

ఒక రోజు. రెండు రోజులు. మూడు రోజులు. మెతుకు ముట్టకుండా కూర్చున్న అవ్వ చుట్టూ ఎండుగడ్డి నములుతూ మంద ప్రాణం నిలుపుకుంది. నాలుగో పొద్దున చూడాలర్రా! ఈ పుట్టలోంచి ఒకటి, ఆ పుట్టలోంచి రెండు, ఇక లెక్కేలేదు, వాలంతా నీలం. జబూలా పిచ్చి సంతోషంతో పరిగెత్తుకొచ్చాడు. లేచాయవ్వా, ఇక లే అన్నాడు.

అవ్వ లేవలేదు. ఎప్పుడు పోయిందో ప్రాణం.

ఏడుస్తూనే ఆమెను మట్టి చేసి, ఏడుస్తూనే వాలు అంటించారు. మర్నాడు పట్టిన వాన మూడు రోజులు విడవలేదు. ఒక్క దూడా చావలేదు.

ఇప్పటికీ అక్కడ ఎంత మబ్బు పట్టినా ఎవరూ నిప్పు తియ్యరు. "అవ్వ లేచిందా?" అని ఒకరినొకరు అడుగుతారు. నీలి రెక్క కంటబడినవాళ్లు, పెద్దవాళ్లయినా పిల్లలయినా, వాలు పొడుగునా పరిగెడుతూ కేక పెడతారు:

"లేచింది, లేచింది, అవ్వ లేచింది!"