బండ్ల దొడ్డిలో కండువాలు

ఒక శుక్రవారం పొద్దున సింగవరం మహారాజు ముమ్మడి భూపతి గారి పల్లకి సంతవీధిలో ఇరుక్కుపోయింది. ముందు చింతపండు బండి, వెనక ఉప్పు బండి. గుడికి బయల్దేరిన రాజుగారు గంటసేపు ఎండలో కూర్చున్నారు. అది చాలదన్నట్టు పక్కబండి ఎద్దు మెడ చాచి, పల్లకికి కట్టిన బంతిపూల దండను నింపాదిగా నమిలేసింది.

ఎద్దును ఏమనగలరు? సభకు రాగానే నగరాధికారి వల్లభుడి మీద పడ్డారు.

"సంతకొచ్చేవాళ్ళ కోసం రెండు వందల బండ్లు పట్టే దొడ్డి కట్టించాను కదయ్యా! మరి బండ్లన్నీ వీధిలో ఎందుకున్నాయి?"

వల్లభుడు మీసం సవరించుకున్నాడు. జవాబు కంటే ముందు మీసం సవరించుకోవడం అతని అలవాటు.

"దొడ్డి నిండిపోయింది ప్రభూ! వెనకున్న కుమ్మరి వీధి పడగొట్టి దొడ్డిలో కలిపేస్తే సరి. ఆజ్ఞాపత్రం రాయించాను. తమ ముద్ర పడడమే ఆలస్యం."

రాజుగారు కాస్త ఆలోచించారు. కోపిష్టే గాని, చెడ్డవాడు కాదు.

"వచ్చే శుక్రవారం గుడి నుంచి వచ్చాక ముద్ర వేస్తాను. ఈలోగా ఒక్క ఇల్లు కూడా కూల్చకుండా చోటు చూపించినవాడికి అడిగింది ఇస్తాను."

"నేను చూస్తాను ప్రభూ" అన్నాడు సింహాసనం వెనక నిలబడ్డ సోమన్న. రాజుగారికి తాంబూలం అందించడం అతని కొలువు. పదహారేళ్ళుగా నిలబడే ఉన్నాడు.

వల్లభుడు పకపకా నవ్వాడు. "ఏరా సోమన్నా, చోటును తమలపాకులో చుట్టి తెస్తావా?"

"చుట్టడం మా పనే కదండీ. అదెక్కడుందో కనపడితే చాలు."

కోట గుమ్మం దగ్గర కుమ్మరి పోలమ్మ అతన్ని ఆపింది.

"కుండలు కాల్చే ఆవం మా అత్త కట్టింది నాయనా. నలభై ఇళ్ళోళ్ళం దానిమీదే బతుకుతున్నాం. అదేమన్నా పిల్లిపిల్లా, చంకన పెట్టుకుపోడానికి?"

"శుక్రవారం దాకా ఏమీ కదపకు పోలమ్మా" అని సోమన్న తిన్నగా బండ్ల దొడ్డికి వెళ్ళాడు.

లోపల చూస్తే ముప్ఫై బండ్లున్నాయి. మిగతా చోటంతా కండువాలు! నేలమీద వరసగా పరిచి, గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టి ఉంది.

ఇందులో నవ్వడానికేమీ లేదు. మా కాలేజీ రోజుల్లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునేవాళ్ళం. ఒకసారి నా తువ్వాలుకి సీటు దొరికింది, నాకు బస్సు దొరకలేదు. అది రాజమండ్రి దాకా హాయిగా కూర్చుని వెళ్ళింది. సరే, కథలోకి వద్దాం.

"ఇవెవరివి నూకయ్యా?" అని సోమన్న కావలివాణ్ణి అడిగాడు.

"పెద్దలవండి. ఇది సేనాపతిగారి బావమరిదిది."

"ఆయనెప్పుడొస్తాడు?"

"కార్తీకంలో అన్నారండి. ఆ ఎర్రంచు కండువా ఉందే, అక్కడ పదకొండు బండ్ల చోటు వల్లభులవారి ఏనుగుదండి."

"ఏనుగేదీ?"

"ఇంకా కొనలేదండి. కండువా ఉన్నచోట ఎవర్నీ ఆపనివ్వొద్దని నాకు హుకుం."

"పాపం, అన్నీ మురికిపట్టాయి" అన్నాడు సోమన్న. "గురువారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళి ఉతికిస్తాను."

అంత గొప్పవాళ్ళ బట్టలు ఎవరో ఉతికిస్తామంటే నూకయ్య ఎందుకు కాదంటాడు? అన్నమాట ప్రకారం గురువారం మూటగట్టి ఇచ్చేశాడు. తెల్లారి సంత బండ్లు వచ్చాయి. కండువాలు లేవు గనక నూకయ్యకు ఎవర్నీ అడ్డుకోవాల్సిన పని లేదు. అన్నీ లోపలికి పోయాయి.

ఆ శుక్రవారం రాజుగారి పల్లకి సంతవీధిలో గాలిలా సాగిపోయింది. ఈసారి బంతిపూల దండ కూడా కోటకు క్షేమంగా చేరింది.

కానీ సభలో అడుగుపెట్టిన రాజుగారు గుమ్మంలోనే ఆగిపోయారు. రాజాజ్ఞేమోనని సభికులందరూ నిలబడే ఉన్నారు. ప్రతి ఆసనం మీదా ఒక కండువా, కండువా మీద ఒక రాయి.

"మహాప్రభూ, నా ఆసనం కుమ్మరి పోలమ్మదట!" అని వల్లభుడు మొత్తుకున్నాడు. "ఎప్పుడొస్తుందిరా అంటే, కార్తీకంలో అంటాడు ఈ సోమన్న!"

రాజుగారు సింహాసనం వైపు చూశారు. దానిమీదా ఒక కండువా ఉంది. ఎర్రంచుది. వల్లభుడి చెయ్యి మీసం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"సోమన్నా! నా సింహాసనం మీద ఇదెవరిది?"

సోమన్న చేతులు కట్టుకున్నాడు.

"వల్లభులవారి ఏనుగుది ప్రభూ. ఇంకా కొనలేదు."



"పిచ్చిపట్టిందా? సభలో ఒక్కడూ కూర్చుని లేడు, ఇన్ని ఆసనాలూ ఖాళీ!"

"ఖాళీ అంటారేమిటి ప్రభూ? నిండిపోయింది. తమ బండ్ల దొడ్డి ఇన్నాళ్ళూ నిండింది ఇలాగే. ఈ కండువాలు అక్కడివే. వీటిని ఇటు తెచ్చాను, బండ్లు అటు వెళ్ళాయి. వీధి ఎలా ఉందో తమరే చూశారు."

రాజుగారు వీధిని తలుచుకున్నారు. కండువాలను చూశారు. తమ తమ కండువాలు గుర్తుపట్టి నేలచూపులు చూస్తున్న పెద్దల్నీ చూశారు. ముందు ఆయన బొజ్జ కదిలింది, తర్వాత నవ్వు బయటికొచ్చింది. ఆజ్ఞాపత్రం తెప్పించి నిలువునా చింపేశారు.

"దొడ్డిలో ఇక బండి తెచ్చినవాడిదే చోటు. కుమ్మరి వీధి జోలికి ఎవరూ వెళ్ళొద్దు. వల్లభా, ఏనుగును కొన్నాక మీ పెరట్లో కట్టేసుకో! సోమన్నా, నీకేం కావాలో అడుగు."

"పదహారేళ్ళుగా నిలబడ్డాను ప్రభూ. సభలో కూర్చునే చోటు ఇప్పించండి."

"ఇచ్చాను!"

సోమన్న కదల్లేదు. బుర్ర గోక్కున్నాడు.

"ఇంకేమిటయ్యా?"

"తమకు తాంబూలం ఇవ్వడానికి లేచినప్పుడల్లా అక్కడ ఎవరో ఒకరు కూర్చుంటారు ప్రభూ. నా ఒక్కడికి మాత్రం కండువా వేసుకునే అనుమతి..."

సభ ఘొల్లుమంది. వల్లభుడు కూడా ఆపుకోలేకపోయాడు. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ, భుజం మీది పట్టుశాలువా తీసి సోమన్న మీదికి విసిరారు.

"ఇదిగో, ఇది పరుచుకో! రాయి మాత్రం నువ్వే తెచ్చుకో!"