ముంజేతి మీద ఆకు

డాక్టర్ హైమవతికి వచ్చిన కష్టం చెప్పుకోవడానికి చిన్నదే. చిన్నప్పుడు పాఠం చెప్పిన గురువు ఎదురుగా కూర్చుని, "మీరెవరమ్మా? నర్సమ్మగారా?" అని అడిగారు.

విశాఖపట్నంలో ఓ పెద్దాసుపత్రిలో ఆవిడది మెదడు ఫొటోలు తీసి చదివే పని. పెద్దవాళ్ళకి మరుపు ఎందుకొస్తుంది, ఏది వయసుతో వచ్చే మామూలు మరుపు, ఏది అల్జీమర్స్ జబ్బు, అది మెదడులో ఎక్కణ్ణించి మొదలవుతుంది అని పదిహేనేళ్ళుగా అదే ధ్యాస. సభల్లో మాట్లాడితే ఒకటే చప్పట్లు. "ఫిల్ము నా చేతికివ్వండి, మనిషిలో ఏం మిగిలిందో చెబుతాను" అనేది. నిజం చెప్పొద్దూ, ఆ మాటంటే ఆవిడకీ కాస్త మోజే.

అలాంటి మనిషి "నేను హైమనండీ, రామచంద్రపురం హైమని" అని నాలుగుసార్లు చెప్పుకుంది. గంగరాజు మాస్టారు మర్యాదగా తలాడించి, ఐదోసారి మళ్ళీ "మీరెవరమ్మా?" అన్నారు.

మాస్టారు రామచంద్రపురంలో మృదంగం చెప్పేవారు. నలభై ఏళ్ళ కిందటి మాట. ఆడపిల్లకి మృదంగమేమిటని వీధి వీధంతా నవ్వుతుంటే, ఆయన "చేతులున్నాయా లేవా?" అని ఒక్క ముక్క అడిగి తొమ్మిదేళ్ళ హైమని చాప మీద కూర్చోబెట్టేశారు.

ఆ పిల్లకి ఒకటే జాడ్యం. ఎడమ చేత్తో కొట్టినప్పుడల్లా మోచెయ్యి గాల్లోకి లేచేది. దెబ్బ మణికట్టులోంచి రావాలి గానీ చెయ్యంతా ఎగిరితే ఎలా? మాస్టారు తిట్టలేదు. తాంబూలం పెట్టెలోంచి ఓ తమలపాకు తీసి, హైమ ఎడమ ముంజేతి మీద పెట్టారు.

"పడకుండా వాయించు. పడని ఆకే నేను వేసుకుంటాను."

హైమ పుణ్యమా అని ఆ ఏడాదంతా మాస్టారి నోరు పండలేదు. ఆకు పడేది, ఆయన తీసి మళ్ళీ పెట్టేవారు. "ఊఁ. మళ్ళీ" అనేవారు. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ లేదు.

ఎంత మంచి సాయంత్రాలవి! అరుగు మీద చాప, పక్కవీధి పిండిమర చప్పుడు, మాస్టారి కూతురు రత్నం చాటుగా చేతిలో పెట్టే వేరుశనగ ఉండలు. ఆ ఉండల జిడ్డు అంటుకుని వేళ్ళు జారుతుంటే మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ప్రతి పాఠమూ మూడు కాలాల్లో వాయించాలి. మొదటిది నెమ్మది, రెండోది దానికి రెట్టింపు, మూడోది దానికీ రెట్టింపు. పెద్ద పాఠం రెండో కాలం దాకా వచ్చేసరికి హైమకి డాక్టరు చదువులో సీటొచ్చింది. మాస్టారితో ఎలా చెప్పాలో తెలియక, చెప్పకుండానే రైలెక్కేసింది. సెలవులకి వెళ్ళి చెబుదాంలే అనుకుంది. అనుకుంటూ ఉండగానే ముప్పై ఏళ్ళయిపోయాయి.

ఇప్పుడు రత్నమే తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి సగమైంది.

"హైమా, నువ్వైతే నాకు నిజం చెబుతావని వచ్చాను. నాన్నలో ఇంకా ఏవన్నా మిగిలిందో లేదో తేల్చి చెప్పు. మిగిలిందంటే ఎన్నాళ్ళైనా చేస్తాను. లేదంటే అన్నం పెడతాను, స్నానం చేయిస్తాను, మాట్లాడ్డం మాత్రం మానేస్తాను. జవాబు రాని మాటలు రోజంతా మాట్లాడి మాట్లాడి నా ప్రాణం విసిగిపోయింది."

"ఫిల్ము రానీ అక్కా, చెబుతాను," అంది హైమ. అలవాటైన మాటేగా, తడుముకోకుండా వచ్చేసింది.

ఫిల్ము రావడమే గగనమైంది. మాస్టారిని ఆ గుండ్రటి యంత్రంలో పడుకోబెట్టారు. అది దడదడా మోగుతూ ఫొటోలు తీస్తుంది, తల ఇసుమంత కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. ఒకసారి చెదిరింది. రెండోసారీ చెదిరింది. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి యంత్రం నడిపే డేవిడ్ విసిగిపోయాడు.

"తాతగారు ఒక్క క్షణం కుదురుగా ఉండట్లేదు మేడమ్. మత్తిచ్చేద్దామా?"

"వద్దు. నేను పక్కన కూర్చుంటాను," అని హైమ వాచీ, గాజులు తీసి పెట్టి లోపలికి వెళ్ళింది.

యంత్రం మొదలైంది. హైమ మాస్టారి చేతి మీద చెయ్యి వేసింది. ఆ చేతి కింద వేళ్ళు కదులుతున్నాయి. వణుకనుకుంది ముందు. వణుకు కాదు. యంత్రం దడదడకి తాళం కట్టి, తొడ మీద ఆ పెద్ద పాఠమే వాయించేస్తున్నారాయన! తాళం తిరిగి మొదటి దెబ్బకి, సమం దగ్గరికి, వచ్చినప్పుడల్లా తల కూడా ఊపుతున్నారు. ఇక బొమ్మ చెదరక ఏమవుతుంది?

కదలకండి అని చెబుదామంటే ఆ చప్పుట్లో మాట వినపడదు. హైమ ఆయన చెయ్యి వెల్లకిలా తిప్పి, అరచేతిలో తను తాళం వెయ్యడం మొదలుపెట్టింది. మాస్టారి వేళ్ళు ఆగిపోయాయి. పిల్లలు వాయిస్తున్నంతసేపూ ఆయన ఎప్పుడూ అంతే, రాయిలా కూర్చుని వినేవారు.

ఈసారి బొమ్మ చక్కగా వచ్చింది.

చక్కగా వచ్చిందే గానీ అందులో చల్లటి కబురు లేదు. కణతల లోపల, జ్ఞాపకాలు నిలిచే చోటు, చిటికెనవేలంత ఉండాల్సింది, రెండు వైపులా వాడిపోయి ఉంది. పొద్దున పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలోనూ ముప్పైకి పదకొండే. బొప్పాయి, గొడుగు, బస్సు అని మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాలాగి అడిగితే, "మీరు నాకేం చెప్పలేదే!" అన్నారు.

హైమ తన గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టింది. పరీక్ష కాగితం బల్ల మీద పెట్టింది.

"చూడక్కా," అని మొదలుపెట్టింది. ఎన్ని వందలమందికి చెప్పింది ఈ సంగతి! ఇవాళ మాట సాగడం లేదు. "ఫిల్ములో... అంటే, ఇక్కణ్ణించి..." చెవుల్లో ఇంకా ఆ దడదడే. మాట కోసం తడుముకుంటుంటే చేతులు వాటంతటవే బల్ల మీద ఆ పాఠం అందుకున్నాయి. తను వాయిస్తున్నట్టు ఆవిడకే తెలియదు.

మాస్టారు అంతదాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మెల్లగా ఇటు తిరిగారు. హైమ చేతుల వంక చూశారు. జేబు తడుముకున్నారు, కావలసింది దొరకలేదు. బల్ల మీద కాగితం కనిపించింది. దాన్ని తీసుకుని నిలువునా రెండు మడతలు పెట్టి, ముందుకు వంగి, హైమ ఎడమ ముంజేతి మీద పెట్టారు.

"మోచెయ్యి లేస్తోంది," అన్నారు. "పడకుండా వాయించు."

హైమ వాయించబోయింది. కాగితం జారి కింద పడింది.

మాస్టారు వంగి తీసి, మళ్ళీ పెట్టారు.

"రామచంద్రపురంలో నా దగ్గరో పిల్ల ఉండేదమ్మా. అచ్చం ఇంతే. ఎన్ని ఆకులు పడేసిందో!" అని బోసినోటితో నవ్వారు.

హైమ అడిగింది. "ఆ పిల్ల ఏమైందండీ?"

మాస్టారు గుమ్మం వైపు చూశారు.

"వస్తుంది. ఇవాళ కాస్త ఆలస్యమైనట్టుంది. మూడో కాలం ఇంకా చెప్పలేదు దానికి."

హైమ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవాలంటే చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే కాగితం పడుతుంది.

"చెప్పండి మాస్టారూ," అంది.