లోపలి ఆకు

శిష్యుల ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు చెప్పడం డాక్టర్ భుజంగరావుగారి అలవాటు కాదు. ఒంగోల్లో ఆయన దగ్గర క్యాన్సర్ వైద్యం నేర్చుకుంటున్న ప్రణవికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా ఆ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"చదువురాని మనిషికి ఇన్ని పరీక్షలు, ఇన్ని వైద్యాలు ఏమర్థమవుతాయి సార్? మనమే ఏదో ఒకటి మొదలుపెట్టేస్తే పోదా?"

ఆమె అడుగుతున్నది మాలకొండమ్మ గురించి. జన్మలో చుట్ట ముట్టని మనిషికి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. "అమ్మకి నిమ్ము అని చెప్పాం, ఆ రోగం పేరెత్తబాకండి. వెంటనే ఆపరేషన్ చేసి గడ్డ తీసిపారేయండి," అంటూ కొడుకు మాల్యాద్రి పొద్దుటినుంచీ ప్రణవి వెంటపడ్డాడు.

గురువుగారు స్టూలు లాక్కుని మాలకొండమ్మ మంచం పక్కన కూర్చున్నారు.

"ఏం పని చేస్తావమ్మా?"

"పొగాకు గ్రేడింగు సార్, ఆకు నాణ్యత చూసి వేరుచేస్తా. ముప్పై ఏళ్లబట్టి."

"ఆకు కట్టిన బేలు పైపైన చూసి గ్రేడు చెప్పేస్తావా?"

ఆమెకు చిర్రెత్తింది. "పైఆకు చూసి చెబితే కొంపలు మునగవా? లోపలి ఆకు లాగి చూడొద్దా?"

అప్పుడాయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఇది నిమ్ము కాదు, క్యాన్సర్. ఒక్కచోటే ఉంటే కోసి తీసేవాళ్లు, కానీ పక్కలకు పాకింది. సెలైన్‌లో ఎక్కించే మందా, రేడియేషన్ కరెంటు పెట్టడమా, రోజూ మింగే మాత్రా అన్నది గడ్డలోంచి తీసిన ముక్కను పరీక్షిస్తేనే తేలుతుంది. రెండు వారాలు ఆగాలి.

మాల్యాద్రి తల పట్టుకున్నాడు. మాలకొండమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, కొడుకువైపు కొరకొరా చూసింది.

"నా గ్రేడే ఇంకా తేలలేదు, అప్పుడే కోసెయ్యమంటావేందిరా?"

ఆమెకు మాత్ర పనికొస్తుందని పరీక్షలో తేలింది. ఒళ్లంతా దద్దుర్లు లేచినా అది మందు గుణమేనని ముందే విని ఉంది గనక బెదిరి మానెయ్యలేదు. వచ్చి చూపించుకుని మరీ వాడింది. నాలుగు నెలల తర్వాత తీసిన స్కానులో నిమ్మకాయంత గడ్డ బఠాణీ గింజంత అయింది. ప్రణవి సంతోషం పట్టలేక ఆ ఫిల్ముతో మెట్లమీద పరుగెత్తింది.

కింద వరండాలో కొత్తగా వచ్చిన కుటుంబమొకటి, ఏదో ఒకటి వెంటనే చేసెయ్యమని గోలపెడుతోంది. వాళ్ల నడుమ మాలకొండమ్మ ఆయాసమన్నది లేకుండా, చేతులు తిప్పుతూ లోపలి ఆకు సంగతి చెబుతోంది. రోగి కళ్లప్పగించి వింటున్నాడు.

గురువుగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ప్రణవి ఫిల్ము చూపించబోతే చేత్తో వారించారు.

"ఆ రోజు నువ్వడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు చెబుతున్నారు," అన్నారు. "వెళ్లి ముందు వరసలో కూర్చో."