కాడిమెట్ట గుడికి ఆ పేరు వచ్చిన వైనం

పూర్వం, పల్నాటి సీమలో ముళ్లమెట్ట అని పిలిచే నీడలేని రాతిమెట్ట మీద, పేదరిక వ్రతం పట్టిన ఒక కతోలిక సన్యాస సభకు చెందిన అర్లప్ప సామి అనే గురువు తాటాకు పాకలో నివసిస్తూ, ఒంటిమీది గోధుమరంగు అంగీ, నడుముకు మూడుముళ్ల తాడు, ఒక జపమాల తప్ప తనదనదగినది ఏదీ లేకుండా, మెట్టకు తూర్పున ఉన్న పేటకూ పడమట ఉన్న పేటకూ సమానంగా దైవసేవ చేస్తుండేవారు. ఈ వృత్తాంతాన్ని మా ముత్తవ్వ ఇన్నాసమ్మ నోట మా అమ్మమ్మా, అమ్మమ్మ నోట నేనూ విన్నాం. ఆ రెండు పేటల కులాల పేర్లు పలకడం ముత్తవ్వకు ఇష్టముండేది కాదట, కనుక నేనూ పలకను. ఇరువురిదీ ఒకే విశ్వాసమైనా ఒకరి కుండ నీళ్లు ఒకరు ముట్టేవారు కాదని చెబితే చాలు.

సామివారి వినయం ఎంతటిదంటే, ఎవరైనా దండం పెట్టేలోపే తామే దండం పెట్టి, రోగి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ముందు వాళ్ల వాకిలి ఊడ్చి, ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టేవారట. అటువంటి మహనీయుడు ఆరేళ్లు ఊరూరా తిరిగి యాచించి మరియమాతకు ఇటుక గుడి ఎత్తిస్తుండగా సభ పెద్దల దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఈ వానల్లోగా కప్పు పడకపోతే ఆ మెట్టను విడిచి, పూజాపాత్రలు తీసుకుని వెళ్లిపోవాలని ఆజ్ఞ. సామి వెళ్లిపోతే రెండు పేటలకూ పూజ లేదు, బడి లేదు, చావుకు ప్రార్థన చెప్పే దిక్కు లేదు.

సరిగ్గా ఆ వేసవిలోనే, సున్నం గానుగకు కట్టే జోడెద్దులు రెండూ దొమ్మరోగంతో ఒకే వారంలో పోయాయి. గుండ్రని గాడిలో రాతిచక్రం తిరిగితేగాని సున్నం నలగదు, సున్నం నలిగితేగాని కమాను కప్పు మూయలేరు. అప్పుడు సామివారు వెళ్లి ఎద్దు స్థానంలో కాడి కింద తమ మెడ పెట్టారు.

ఆ దృశ్యం చూసి రెండు పేటలూ పరుగెత్తుకొచ్చాయి. తూర్పుపేట పెద్ద బాలశౌరి, "సామీ, మీ పక్కన కాడికి పూనడం మా పుణ్యం. కాని వాళ్లు మెడ పెట్టిన కాడి కింద మేం పెట్టం" అన్నాడు. పడమటిపేట రాయప్ప ఊరుకుంటాడా? "మాకు మాత్రం వాళ్ల చెమట దేనికి సామీ, అదేమన్నా పన్నీరా?" అన్నాడు.

సామివారు ఎవరినీ నొప్పించలేక, పొద్దున తూర్పువారు, మధ్యాహ్నం పడమటివారు తమతో పూనేటట్లు, నడుమ కాడిని నీళ్లతో కడిగేటట్లు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోవడమే తాము చేసిన అపరాధమని తరువాతి కాలంలో ఎన్నోసార్లు చెప్పుకున్నారట. వాగునుంచి ఆ నీళ్లు మోసే పని బాలశౌరి కోడలు, పందొమ్మిదేళ్ల వితంతువు, అప్పటికే ఒక బిడ్డ తల్లి అయిన మా ముత్తవ్వ ఇన్నాసమ్మకు అప్పగించారు.

మూడో రోజు మధ్యాహ్నం నైరుతి దిక్కున కొండంత మబ్బు లేచింది. కప్పు మీదినుంచి మస్తాను మేస్త్రి, "మూరెడే మిగిలింది, అంతా పచ్చిగా ఉంది! నడిమి ఇటుక పడకముందే చినుకు పడితే మీకూ దణ్ణం, మీ గుడికీ దణ్ణం" అని కేకేశాడు. ఇవతల, కడిగిన కాడికి రాయప్ప అప్పుడే పూనాడు, అవతల మూడు రోజులుగా రెండు పూటలా లాగిన సామివారు నాలుగడుగులు వేసి, కళ్లు తిరిగి గాడిలో పడిపోయారు. ఇన్నాసమ్మ తరువాతి కడుగుకు అప్పుడే మరో బిందెతో మెట్టెక్కింది. పరుగున వచ్చి, ఆ నీళ్లు సామివారి ముఖం మీద చల్లి, నోట్లో పోసి, నీడకు చేర్చి, తిన్నగా వచ్చి రాయప్ప పక్కన కాడి కింద మెడ పెట్టింది.

"ఏమ్మా, కాడి కడగలేదు" అన్నాడు బాలశౌరి.

"నీళ్లు సామికి పోశాను మామయ్యా. మళ్లీ వాగుకు పోయివచ్చేసరికి వాన మనకంటే ముందొస్తుంది."

రాయప్ప కాలు కదపలేదు. "చెల్లెమ్మా, రేపు మీవాళ్లు నన్నంటారు."

"అంటే నన్నే అంటార్లే అన్నా, నువ్వు నడువు."

నడిచారు. నలుగురు నెట్టినా మూలిగే ఆ రాయి, పల్లానికి దొర్లే బండి చక్రంలాగా గలగలా తిరిగిందట! ఎవరు మొదలుపెట్టారో తెలియదు, తట్టలు చేతులు మారాయి. తూర్పు చేతినుంచి పడమటి చేతికి, అక్కడినుంచి నిచ్చెన మీదికి సున్నం ఎక్కిపోతోంది. వాన మెట్ట చుట్టూ నాలుగు పక్కలా తెల్లని గోడలాగా కురుస్తూ, మెట్ట మీద మాత్రం ఒక్క బొట్టు రాల్చక, నడిమి ఇటుక బిగించి, పైన సున్నం మెత్తి, తాటాకు కప్పేవరకు ఆగి నిలిచింది. ఆ తరువాత కురిసిన వానకు గాడి నిండి పొర్లింది.

ఆ హోరుకు సామివారు కళ్లు తెరిచి, "ఇప్పుడెవరి వంతు?" అని లేవబోయారు.

బాలశౌరి ఆయన భుజం పట్టి ఆపి, "వంతులు అయిపోయినై సామీ" అన్నాడు.

రెండేళ్ల తరువాత సభ పెద్దలు మరో చోటికి పొమ్మంటే, అర్లప్ప సామి భుజాన ఒక మూటతో కాలినడకన వెళ్లిపోయారు. గుడికి గాని మెట్టకు గాని తమ పేరు పెట్టవద్దని మాట తీసుకున్నారు కనుక, అది కాడిమెట్ట అయింది. గుడి వెనుక ఆ గాడి, రాతిచక్రం ఇప్పటికీ ఉన్నాయి. ఏటా మృగశిర కార్తెకు ముందు వచ్చే శనివారం, పేటకొకరు చొప్పున ఇద్దరు పూని దాన్ని మూడుసార్లు తిప్పుతారు. పండుగకు వచ్చేవారు గుడి తలుపు మీద వేలాడే ఆ కాడిని, మెడలు ఆనిన చోట నల్లబడి సున్నం పెళ్లలు కట్టిన దాన్ని, చేత్తో తాకి కళ్లకద్దుకుంటారు. గుడి బాధ్యత చూసే కొత్త విచారణ గురువులు ఎవరు వచ్చినా, దాన్ని శుభ్రంగా కడిగి నూనె రాద్దామంటారు. రెండు పేటలవాళ్లం ఒక్క గొంతుతో వద్దంటాం.