ఉడత కొరికిన జామపండు

కొండ మీది దర్గాలో ఉండే ముసలి ఫకీరు జలాల్ బాబాకు సేవ చేసే హుస్సేనప్పకు కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. మోచేతి కింద తెల్లమచ్చ ఒకటి తేలింది.

దర్గా వెనక జామచెట్టుంది. ఉడత కొరికిన పండే తియ్యగా ఉంటుందని హుస్సేనప్ప ఏరి మరీ అవే తినేవాడు. మొన్న దర్శనానికొచ్చిన పట్నం ఆయన ఎవరో అన్నాడు, ఏదో చలిదేశంలో ఉడతల ఒంట్లో కుష్ఠు క్రిములు కనబడ్డాయని. మన ఉడతల సంగతి ఆయన చెప్పలేదు, ఇతనూ అడగలేదు. భయపడ్డవాడికి అంత ఓపిక ఎక్కడిది?

ఎలకల బోనులో జామపండు పెట్టి ఒక ఉడతను పట్టాడు. కొండ కింద వాగులో ముంచేద్దామని బోను ఎత్తుకుపోతుంటే దర్గా గడప దగ్గరే బాబా ఎదురయ్యాడు.

"ఏందప్పా అది?"

హుస్సేనప్ప చెయ్యి చాచి మచ్చ చూపించాడు. ఏడుపు ఆగలేదు.

"దీని ఎంగిలి తిని నాకు కుష్ఠు తగులుకునింది బాబా. ఇంక నన్ను ఈ గడప తొక్కనియ్యరు. మిమ్మల్ని ఇడిసి యాడికి పోవాల?"

బాబా బోను అరుగు మీద పెట్టించాడు. వచ్చినవాళ్ళ తలకు ఆనించి దీవించే నెమలీకల కట్టలోంచి ఒక ఈక లాగాడు.

"కండ్లు మూసుకో. యాడ తగిలితే ఆడ వేలు పెట్టు."

దీవెన కాబోలనుకున్నాడు హుస్సేనప్ప. ఈక మచ్చ నడుమ ఆనింది. అక్కడే వేలు పెట్టాడు. అంచున ఆనింది. అక్కడా పెట్టాడు. మళ్ళీ నడుమకొచ్చి మెల్లగా అటూ ఇటూ ఆడేసరికి, ఏడుస్తున్నవాడు కాస్తా కిసుక్కున నవ్వేశాడు.

బాబా తన కుడిచెయ్యి ముందుకు పెట్టాడు. రెండు వేళ్ళు వంకర. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నా, ఎందుకని హుస్సేనప్ప ఎప్పుడూ అడగలేదు.

"వయసులో నాకు వచ్చింది ఆ కుష్ఠే. మచ్చ మీద నిప్పు పడినా తెలిసేది కాదు. మాత్రలు మింగితే పోయింది. నీకు ఈక ఆనినా తెలుస్తాంది. నీది వేరే ఏదో మాదిరి ఉంది, రేపు ఆసుపత్రిలో చూపిచ్చుకో. ఏదైనా కానీ, నీ చాప ఈడనే."

గుండెల మీంచి బండ దింపినట్టయింది హుస్సేనప్పకు. ఆ వంకరవేళ్ళను కళ్ళకద్దుకున్నాడు. అరుగు మీద ఉడత బోను చువ్వలు కొరుకుతోంది.

"నీకు ఈక పెట్టి చూసినాము," అన్నాడు బాబా. "దానికి ఏం పెట్టి చూసినావు?"

హుస్సేనప్ప లేచి బోను తలుపు ఎత్తాడు. ఉడత మిగిలిన జామముక్క నోట కరుచుకుని మరీ చెట్టెక్కింది.