తాయెత్తులో ఆరు మాటలు

సిలార్‌కి పనంతా వచ్చు. ఆకు దంచడం వచ్చు, వెదురు బద్దలు చీల్చడం వచ్చు, ఎముక ఎక్కడ విరిగిందో కళ్ళు మూసుకుని వేలితో పట్టుకోవడం వచ్చు. చిక్కల్లా ఒక్కటే. మనిషి నొప్పితో కేక పెట్టాడంటే అతని చేతులు వణికేవి.

కిందటి ఎండాకాలం ఒకామె మణికట్టు సరిచేయమని, పని నేర్పే హొన్నూరు బాబా అతనికే అప్పగించాడు. ఆమె "ఓయమ్మో" అని అరిచిన అరుపుకి సిలార్ సగంలో చెయ్యి వదిలేశాడు. బాబా వచ్చి పని ముగించాడు. తిట్టి ఉంటే సిలార్ ఆ రాత్రి నిద్రపోయేవాడే. అప్పటినుంచి అతను ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యలేదు. ఈ వానలు వెళ్ళేలోగా చేతులు కుదుటపడకపోతే ఊరికి పోయి, నాయన లాగే దూది ఏకుకుని బతకాలని తేల్చుకున్నాడు.

గుట్ట మీది దర్గాలో ఫకీరూ బాబాయే, ఎముకల వైద్యుడూ ఆయనే. చుట్టుపక్కల యాభై ఊళ్ళకు ఆ రెండు చేతులే దిక్కు. ఎవరొచ్చినా ముందు పేరు అడిగేవాడు. గొర్రెలు కాసే గంగన్న వేపచెట్టెక్కి పడడం, ఇక్కడికి రావడం ఏటా జరిగేదే. అతన్నీ అడిగేవాడు.

"నాలుగోతూరి వస్తి గద బాబా, నా పేరు నీకు తెలీదా?"

"చెప్పప్పా."

ముసలాయనకు మతిమరుపు వచ్చిందని సిలార్ లోలోపల నవ్వుకునేవాడు. కానీ ఇంకొకటి కూడా గమనించాడు. ఎముక పట్టుకున్నప్పుడు బాబా పెదవులు కదిలేవి. ఆయన ఏదో మాట అనుకుంటాడు. అవతల మనిషి గుట్ట అదిరేలా అరిచినా ఆ చేతులు వణకవు. కిటుకంతా ఆ మాటలోనే ఉంది!

"ఆ మాట నాకూ చెప్పు బాబా," అని కాళ్ళు పట్టుకున్నాడు.

"అది నా కాడ ఉండదురా. వచ్చినోళ్ళు తెచ్చుకుంటారు," అన్నాడు బాబా.

సిలార్ ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. ఆ రోజునుంచి వచ్చినవాళ్ళనల్లా అడగడం మొదలుపెట్టాడు. "అన్నా, నెత్తిమీద పిడుగు పడినట్టుండే గడియలో నువ్వు మనసులో ఏమనుకుంటావు?" గంగన్న నిమ్మళం అన్నాడు. బడిపంతులు స్థిమితం అన్నాడు. లారీ తోలే ఆయన నిదానం అన్నాడు. మగ్గం నేసే అవ్వ కుదురు అంది. పాత జవాను ఒకాయన మీసం దువ్వి నిబ్బరం అన్నాడు. దారిన పోయే ఫకీరు సబూరీ అన్నాడు. ఆరు మాటలూ కాగితమ్మీద రాసి, చుట్టి, రేకు తాయెత్తులో పెట్టి జబ్బకు కట్టుకున్నాడు సిలార్. బాబా ఆ తాయెత్తు చూశాడు. తన పనిలో పడ్డాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక పొద్దున బాబా పాచి పట్టిన మెట్ల మీద కాలుజారి పడ్డాడు. సిలార్ పరుగెత్తి వెళ్ళేసరికి కుడి భుజం కీలు తప్పి చెయ్యి వేలాడుతోంది. వేళ్ళు చల్లబడుతున్నాయి. కింద వాగు పొంగి పట్నం దారి మూసుకుపోయింది. కట్టు కట్టించుకోవడానికి వచ్చి చిక్కుకున్నవాళ్ళు పది మంది గుమిగూడారు. ఆ చెయ్యి పోతే యాభై ఊళ్ళ చెయ్యి పోయినట్టేనని అందరికీ తెలుసు. అందరూ సిలార్ వైపే చూశారు.

సిలార్ కూర్చుని బాబా మణికట్టు పట్టుకున్నాడు. నిమ్మళం అనుకున్నాడు. చేతులు వణికాయి. స్థిమితం అనుకున్నాడు. ఇంకా వణికాయి. నిదానం, కుదురు, నిబ్బరం, సబూరీ. మాటలు అయిపోయాయి గానీ వణుకు ఆగలేదు.

"నా చేత కాదు బాబా," అన్నాడు ఏడుపు గొంతుతో.

బాబా నుదుటి మీద చెమట కారుతోంది. "నా పేరు అడగలేదేంరా నువ్వు?" అన్నాడు.

"మీ పేరు తెలీందెవరికి బాబా!"

"అడుగు."

"...పేరేంది బాబా?"

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "మాయమ్మ బుడ్డోడా అని పిలుస్తాండె," అన్నాడు.

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సిలార్ ఆ ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్న ముఖమే. కానీ ఇప్పుడది పళ్ళు బిగబట్టి, కింది పెదవి అదురుతూ, ఎవరైనా వచ్చి పట్టుకుంటే బాగుండునని ఎదురుచూస్తున్న ముఖం. సిలార్ పట్టు బిగించాడు. "బుడ్డోడా," అన్నాడు లోపల. "ఇదిగో, అయిపాయె. బుడ్డోడా."

బాబా కేక పెట్టాడు. సిలార్ వదల్లేదు. టక్కుమని కీలు తన చోట్లో కూర్చుంది.

చేతులు ఎప్పుడు నిలబడ్డాయో అతను చూసుకోనే లేదు.

ఇరవై రోజులకు కట్టు విప్పారు. బాబా చెయ్యి మెల్లగా పైకెత్తి, వేళ్ళు ఒక్కొక్కటీ ఆడించి చూసుకుని, అదే చెయ్యి సిలార్ తలమీద పెట్టాడు. "నీ చేతులు చల్లగుండ," అన్నాడు. సిలార్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. తనకు చెయ్యి అందించిన మనిషి చెయ్యి తానే నిలబెట్టడం అల్లా ఎంతమందికి రాసిపెడతాడు!

కాస్త తేరుకున్నాక, ఉక్రోషంగా అడిగాడు. "ఏడాదాయె బాబా, ఆ మాట అడగబట్టి. ముందే చెప్పుండొచ్చు గద?"

"చెప్పుంటే," బాబా తాయెత్తు వైపు చూశాడు, "దాన్ని గూడా అందులో చుట్టి పెట్టుకుంటాంటివి."

అంతలో మెట్ల కింద మూలుగు వినబడింది. కాలు ఈడ్చుకుంటూ గంగన్న వచ్చాడు. ఈసారి వేపచెట్టు కాదట, చింతచెట్టు. బాబా లేవలేదు. ఆకు దంచే రోలు తన వైపు లాక్కున్నాడు.

సిలార్ వెళ్ళి గంగన్న ముందు కూర్చున్నాడు. కాలు మీద చెయ్యి వేసి, పేరు అడిగాడు.

"నీక్కూడా తెలీదారా నా పేరు?"

"చెప్పన్నా," అన్నాడు సిలార్.