గౌరాలు అరగదీసిన పేరు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి వేటకెళ్లాడు, రాలేదు. రెండోవాడు అన్నని వెతకబోయాడు, వాడూ రాలేదు. మూడోవాడు మణిధరుడు పడవెక్కబోతుంటే, కంచరి గౌరాలు ఆకురాయి పట్టుకుని అడ్డం నిలబడింది.

"నన్నూ తీసుకెళ్లు. ఏడు సముద్రాల అవతల దీవిలో మా నాన్న ఉన్నాడు."

"మీ నాన్నా? ఎందుకున్నాడు?"

"ఎందుకంటావా! మాంత్రికుడు ఉగ్రదంతుడు కుక్కల మెడకని మూడు ఇత్తడి పట్టీలు చేయించుకున్నాడు. చుట్టూ లతలు, నెమళ్లు, నడుమ వాడి పేరు. అంచు గీరుకుంటుందేమోనని మా నాన్న ప్రతి పట్టీ ముందు తన మెడకే పెట్టి చూసుకుంటాడు. ఆఖరి పట్టీ పెట్టుకోగానే వాడు చటుక్కున మేకు బిగించాడు. నా కళ్లముందే నాన్న కుక్కయ్యాడు, వాడు ఈడ్చుకుపోయాడు! మిగతా రెండూ మీ అన్నల మెడల్లో ఉంటాయి, చూసుకో. మీ అన్నల కోసం ఊరూరా దండోరా వేశారే, మా నాన్న కోసం ఒక్కడైనా అడిగాడా?"

మణిధరుడు తలొంచుకున్నాడు. "ఎక్కు" అన్నాడు.

ఒక సముద్రం దాటారు. ఇంకోటి దాటారు. ఏడూ దాటారు. గట్టు మీద మూడు కుక్కలు.

"తమ్ముడూ, వాడి ప్రాణం చిలకలో లేదు, ఈ పేరులో ఉంది" అంది పెద్ద కుక్క.

గౌరాలు ఆకురాయితో దాని పట్టీ మీద పేరు అరగదీసింది. పెద్దన్న లేచి నిలబడ్డాడు. పరిగెత్తుకొస్తున్న మాంత్రికుడికి కాళ్లు పడిపోయాయి. రెండో పేరు అరగదీసింది. రెండో అన్న లేచాడు, మాంత్రికుడికి చేతులు పడిపోయాయి. మూడో కుక్క మాత్రం వెనక్కి జరిగింది.

"వద్దమ్మా. ఇంత సన్నటి పని మళ్లీ చెయ్యలేను. ఆ అక్షరం వంపు చూడు!"

నేలమీద పడి కూడా ఉగ్రదంతుడు నవ్వాడు. "చూశావా పిల్లా! పనివాడికి మెడకన్నా పనే ముద్దు."

గౌరాలికి ఒళ్లు మండిపోయింది. "నోర్ముయ్! ఆ ముద్దునే పట్టుకుని కదరా మా నాన్నని కట్టేశావు! నాన్నా, నీ పనితనం నీ చేతుల్లో ఉంది, వాడి పేరులో కాదు. ఆ కాళ్లతో ఉలి పడతావా? చెప్పు!"

కుక్క తన ముందుకాళ్ల వైపు చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. మెల్లగా మెడ వంచింది.

పేరు అరిగింది. నాన్న లేచి నిలబడ్డాడు, మాంత్రికుడు బూడిదయ్యాడు.

ఇంటికొచ్చాక రాజు పట్టీలు చూసి, "ఆహా, ఏం నగిషీ! కొలువులో వేలాడదీద్దాం" అన్నాడు.

"మనుషుల్ని కట్టేసినవి మీకు అలంకారమా మహారాజా?" అంటూ గౌరాలు మూడింటినీ కొలిమిలో పడేసింది. తిత్తి ఊదింది వాళ్ల నాన్నే. ఆ ఇత్తడితో గరిటెలు పోశాడు. మణిధరుడికీ గౌరాలికీ పెళ్లయితే, ఆ గరిటెలతోనే ఊరందరికీ వడ్డించారు.

వాళ్లిద్దరూ చాలా ఏళ్లు ఏలారు. ఏలినన్నాళ్లూ అన్యాయం మీద గౌరాలి కోపం చల్లారలేదు. అందుకే పిల్లలూ, ఆ రాజ్యం అంత చల్లగా ఉంది.